కుందేళ్లకొచ్చే వైరస్ రోగం - మన గూటికి కాపలా



మన బడి వెనుక, వంటశాల పక్కన ఉన్న జాలి గూట్లో ఇప్పుడు ఏడు కుందేళ్లు ఉన్నాయి. మూడు పెద్దవి, నాలుగు పిల్లలు. ఈ సంవత్సరం వాటి బాధ్యత బయో సైన్స్ సార్ పదో తరగతి నుండి నాకు అప్పగించారు. దసరా సెలవులు దగ్గరికొచ్చినయి కాబట్టి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, సెలవుల నుంచి వచ్చేటప్పుడు అంగట్ల ఒక కుందేలును కొనుక్కొస్త, మన వాటిల్ల కలుపుదామా?" నేను వద్దంటున్నాను. వద్దన్నందుకు ఆరో తరగతి వాళ్లు ఇద్దరు నాతో మాట్లాడుతలేరు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు ఈసారి గోడపత్రికలో రాస్తున్నాను. జర పొడుగు ఉంటది. నిలబడి చదవాలె కాబట్టి రెండు దినాలు చదివినా ఏం కాదు.

ముందుగా ఒక సంగతి. మనం గూట్లో పెంచే కుందేలు, మన గుట్టల్లో ఉరికే చెవులపిల్లి ఒకటే జాతి కాదు. మా అక్కన్నపేట దిక్కు తండాల్లో పొద్దుగూకినంక చేన్ల గట్ల మీద కనిపించేది అడవి కుందేలు. మెడ వెనుక నల్లటి మచ్చ ఉంటది. అది బొరియ తవ్వదు, గడ్డిలోనే పడుకుంటది. దాని పిల్లలు పుట్టుడే వెంట్రుకలతో, తెరిచిన కండ్లతో పుడతాయి. మన గూట్లోనివి మాత్రం ఐరోపా ఖండపు అడవి కుందేలు నుండి వచ్చినవి. లోకంలో మనుషులు పెంచే కుందేళ్లన్నీ, తెల్లవైనా నల్లవైనా, ఉన్ని కోసం పెంచే అంగోరావైనా, ఆ ఒక్క జాతివే. వీటి పిల్లలు బోడిగా, కండ్లు మూసుకుని పుడతాయి. పది దినాలకు గాని కండ్లు తెరవవు. మొన్న మన గూట్లో పిల్లలు పుట్టినప్పుడు "చచ్చిపోయినయి" అని ఒకరు ఏడ్చింది ఇందుకే. రెండూ వేరు వేరు జాతులని ఎందుకు చెప్పినానంటే, ఇప్పుడు చెప్పబోయే రోగం ఈ తేడాను కూడా దాటింది.

రోగం ఎట్ల బయటపడ్డది?

1984లో చైనా దేశంలోని జియాంగ్సు రాష్ట్రంలో అంగోరా కుందేళ్లు ఉన్నట్టుండి చావడం మొదలుపెట్టాయి. ఆ కుందేళ్లను జర్మనీ నుండి తెప్పించారు. రాత్రి మేత తిన్నది తెల్లారేసరికి చచ్చి ఉండేది. పైకి ఏ గాయమూ లేదు, బక్కచిక్కిందీ లేదు. కొన్నింటికి ముక్కు దగ్గర రక్తం చుక్క ఉండేది. సంవత్సరం తిరగకముందే చైనాలో 14 కోట్ల పెంపుడు కుందేళ్లు చనిపోయాయి. 2011 జనాభా లెక్కల్లో మన తెలంగాణ ప్రాంతం జనం మూడున్నర కోట్లు. దానికి నాలుగింతలు అన్నమాట.

1986లో అదే చావు ఇటలీలో కనిపించింది. అక్కడి నుండి ఐరోపా అంతా పాకింది. దీనికి కుందేళ్ల రక్తస్రావ వ్యాధి అని పేరు పెట్టారు. పొట్టిగా ఆర్.హెచ్.డి. అంటారు. దీన్ని కలిగించే వైరస్ ఎంత చిన్నదంటే, ఒక మిల్లీమీటరును 25 వేల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత ఉంటది.

ఈ వైరస్ నోటి నుండి గాని ముక్కు నుండి గాని కంటి నుండి గాని లోపలికి పోతుంది. పోయి నేరుగా కాలేయంలో కూర్చుంటుంది. కాలేయం ఏం పని చేస్తుందో ఎనిమిదో తరగతి వాళ్లు కూడా చెప్పగలరు. రక్తం గడ్డ కట్టడానికి కావలసిన పదార్థాలను అదే తయారుచేస్తుంది. వైరస్ ఒకటి రెండు దినాల్లోనే కాలేయ కణాలను చంపేస్తుంది. అప్పుడు శరీరంలో సన్న సన్న రక్తనాళాల్లో ఎక్కడబడితే అక్కడ రక్తం గడ్డ కడుతుంది, ఊపిరితిత్తుల్లో, మూత్రపిండాల్లో. గడ్డ కట్టే సరుకంతా అట్ల అయిపోయినంక, ఇక ఆగవలసిన చోట రక్తం ఆగదు. ఒకే రోగంలో రక్తం గడ్డ కట్టుడు, కారుడు రెండూ ఉండడం నాకు మొదట అర్థం కాలేదు. సార్ ఒక పోలిక చెప్పిండ్రు. ఊరంతటికీ ఉన్న సిమెంటు బస్తాలన్నీ అక్కరలేని చోట పోసేస్తే, చెరువు కట్ట తెగిననాడు ఒక్క బస్తా ఉండదు. ఇదీ అంతే.

రోగం అంటుకున్నాక ఒకటి నుండి మూడు రోజుల్లో జ్వరం, ఆ తర్వాత చావు. చాలాసార్లు జ్వరం వచ్చిన సంగతి కూడా మనకు తెలియదు. కుందేలు తన రోగాన్ని దాచుకునే జంతువు. అడవిలో నీరసంగా కనబడ్డదాన్నే నక్క ముందు పట్టుకుంటది కదా, అందుకని.

ఇంకొక గమ్మత్తు ఉంది. పాత రకం వైరస్ పెద్ద కుందేళ్లను చంపేది గాని, ఆరు ఎనిమిది వారాల లోపు పిల్లలను చంపేది కాదు. తల్లి చచ్చి పడి ఉంటే పిల్లలు పక్కన ఆడుకునేవి. తక్కిన రోగాల్లో ముందు పోయేది పిల్లలే, ఇక్కడ తలకిందులు. కాని 2010లో ఫ్రాన్సులో రెండో రకం వైరస్ బయటపడ్డది. దానికి ఆ కనికరం లేదు. పిల్లలను కూడా చంపుతుంది.

సబ్బుకు చావని వైరస్

2020లో కరోనా వచ్చినప్పుడు మనమంతా చిన్నపిల్లలం. సబ్బుతో చేతులు కడుక్కుంటే వైరస్ చస్తుందని అందరికీ నేర్పించిండ్రు. అది నిజమే. కరోనా వైరస్‌కు పైన కొవ్వు పొర ఉంటది, సబ్బు ఆ పొరను చీలుస్తుంది. కుందేళ్ల వైరస్‌కు ఆ పొరే లేదు. అందుకని ఇది మొండిది. సబ్బు దీన్ని చేతి మీది నుండి కడిగి పంపగలదు గాని చంపదు. శానిటైజర్ మీద కూడా నమ్మకం పెట్టుకోవద్దు.

ఎంత మొండిదో చూడండి. గుడ్డ మీద ఎండిపోయిన వైరస్ మామూలు గది వేడిలో 105 రోజులు బతికి ఉందని పరీక్ష చేసి చూసినారు. 50 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచినా చావలేదు. చచ్చిన కుందేలు శరీరంలో నెలల తరబడి ఉంటుంది. చలికి గడ్డకట్టించినా పోదు. అంటే రోగం రావడానికి రోగపు కుందేలే రానవసరం లేదు. దాన్ని ముట్టిన చెయ్యి, దాని గూట్లో తొక్కిన చెప్పు, దాన్ని తెచ్చిన సంచి, అది తిన్న గడ్డి, దాని మీద వాలిన ఈగ, ఏది వచ్చినా చాలు. కుక్కకు ఈ రోగం రాదు, కాని చచ్చిన కుందేలును తిన్న కుక్క వైరస్‌ను మోసుకొస్తది.

మెక్సికో దేశంలో 1988 డిసెంబర్‌లో జరిగింది ఇట్లనే. బతికిన కుందేలు ఒక్కటి రాలేదు. చైనా నుండి వచ్చిన గడ్డకట్టించిన కుందేలు మాంసం 18 టన్నులు, దాంతోపాటు వైరస్ వచ్చింది. ఆ ప్రభుత్వం రోగం తగిలిన ఫారాలను ఖాళీ చేయించి, కడిగించి, మళ్లీ కుందేళ్లను నింపే ముందు ఒక పని చేసింది. కొన్ని ఆరోగ్యమైన కుందేళ్లను ఆ ఖాళీ గూళ్లలో వదిలి చూసింది. అవి బతికితే గూడు శుభ్రం అయినట్టు. వీటిని కాపలా కుందేళ్లు అనుకోవచ్చు. పాపం అనిపిస్తుంది. అయినా 1990ల మొదట్లోనే మెక్సికో ఈ రోగాన్ని పూర్తిగా తుడిచిపెట్టింది. పెద్ద దేశాలు చేయలేని పని అది. (రెండో రకం వైరస్ 2020లో మళ్లీ అక్కడికి వచ్చింది, అది వేరే సంగతి.)

ఈగ దాటిన సముద్రం

ఈ కథ ఆస్ట్రేలియాది. జర పెద్దగనే రాస్తున్నాను, ఎందుకంటే అన్నిటికన్న నాకు ఇదే ఎక్కువ ఆలోచన పెట్టింది.

ఆస్ట్రేలియాలో మొదట అడవి కుందేళ్లు లేవు. 1859లో థామస్ ఆస్టిన్ అనే దొర ఇంగ్లండు నుండి 24 కుందేళ్లను తెప్పించి, వేట సరదా కోసం తన భూమిలో వదిలిండు. అవి కోట్లకు కోట్లు అయినయి. పంట తిన్నవి, గొర్ల మేత తిన్నవి, చిన్న చెట్ల బెరడు కూడా తిన్నవి. వాటిని ఆపడానికి పడమటి రాష్ట్రంలో 1907 నాటికి 1,800 కిలోమీటర్ల పైన కంచె కట్టారు. కుందేళ్లు కంచె కంటే ముందే అవతలికి పోయినయి.

అప్పుడు మనుషులు రోగాన్నే ఆయుధం చేసుకున్నారు. మిక్సోమటోసిస్ అనే ఇంకొక కుందేళ్ల వైరస్ రోగం ఉంది. అది దోమలతో పాకుతుంది, కండ్లు, మొహం ఉబ్బి చస్తాయి. 1950లో దాన్ని అడవి కుందేళ్లలోకి వదిలారు. అదే సమయంలో అక్కడ మనుషులకు మెదడువాపు జ్వరం వచ్చింది. జనం భయపడి, కుందేళ్ల వైరసే కారణమన్నారు. అప్పుడు ఫ్రాంక్ ఫెన్నర్, మాక్‌ఫార్లేన్ బర్నెట్, ఇయాన్ క్లూనీస్ రాస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఏం చేసిండ్రో తెలుసా? ఆ వైరస్‌ను తమ శరీరంలోకే సూదితో ఎక్కించుకున్నారు. ముగ్గురికీ ఏమీ కాలేదు. జనం నమ్మినారు.

మొదట ఆ రోగం అంటిన కుందేళ్లలో దాదాపు అన్నీ చచ్చినయి. కాని కొన్నేండ్లకు బతికిన వాటి సంతానం తట్టుకోవడం నేర్చింది. వైరస్ కూడా మెత్తబడ్డది. మన పాఠంలో ప్రకృతి వరణం అని చదివినామే, దానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. పరీక్షలో జిరాఫీ మెడ రాసే బదులు ఇది రాయండి.

మళ్లీ కుందేళ్లు పెరిగినయి. 1991లో ఆర్.హెచ్.డి. వైరస్‌ను ప్రయోగశాలకు తెప్పించారు. 1995 మార్చిలో వార్డాంగ్ అనే చిన్న దీవిలో కంచెలు కట్టి, ఎవరూ పోకుండా, దాన్ని పరీక్షించడం మొదలుపెట్టారు. చుట్టూ సముద్రం. ఇంతకంటే భద్రమైన చోటు ఏముంటది అనుకున్నారు. అదే సంవత్సరం అక్టోబర్ నాటికి ఎదురుగా ఉన్న పెద్ద నేల మీద కుందేళ్లు చావడం మొదలైంది. కంచె తెగలేదు, కుందేలు ఈదలేదు. చచ్చిన వాటి మీద వాలిన ఈగలు గాలికి కొట్టుకొచ్చి తెచ్చి ఉంటాయని తేల్చారు.

పక్కనున్న న్యూజిలాండ్ ప్రభుత్వం 1997 జులైలో ఈ వైరస్ మా దేశానికి వద్దని నిర్ణయించింది. ఆగస్టులోనే అక్కడి రైతులు కొందరు దొంగతనంగా తెచ్చి వదిలారు. ఫ్రాన్సులో ఇంతకంటే ముందు, 1952లో, అర్మాండ్ డెలీల్ అనే పెద్ద డాక్టరు తన తోటలో కుందేళ్లు ఎక్కువైనయని రెండింటికి మిక్సోమటోసిస్ అంటించి వదిలిండు. తన తోట చుట్టూ గోడ ఉంది కదా అనుకున్నడు. రెండేండ్లలో అది ఐరోపాలో చాలా దేశాలకు పాకింది, 1953లో ఇంగ్లండు కూడా చేరింది. కోర్టు ఆయనకు జరిమానా వేసింది. తర్వాత వేరే వాళ్లు బంగారు పతకం ఇచ్చిండ్రు! ఒకే పనికి జరిమానా, పతకం రెండూ తీసుకున్న మనిషి ఇంకొకడు ఉన్నాడో లేడో.

ఆస్ట్రేలియా రైతులది తప్పని నేను అనను. పంట పోయిన బాధ మన ఇండ్లలో అందరికీ తెలుసు, అడవిపందులు మక్కచేన్ల పడ్డప్పుడు మా బాపు మూడు రాత్రులు మంచె మీదనే ఉండె. కాని గోడ, కంచె, సముద్రం, ఈ మూడింటిని నమ్మి వదిలిన రోగం ఆ మూడింటినీ దాటింది. అంగట్ల నుంచి సంచిలో వచ్చేదాన్ని మన జాలి గూడు ఆపుతదా?

"మన దగ్గర లేదు కదా?"

ఇది తొమ్మిదో తరగతి నుండి వచ్చిన ప్రశ్న. మంచి ప్రశ్నే. దానికి సింగపూర్ జవాబు చెప్తుంది. సింగపూర్ అంటే మన తెలుగోళ్లు కూడా చాలామంది పనికి పోయిన దేశం. అది చిన్న దీవి, అపార్టుమెంట్లలో కుందేళ్లను ముద్దుగా పెంచుకుంటారు. 2020 సెప్టెంబర్ దాకా అక్కడ ఆర్.హెచ్.డి. లేదు. ఆ నెలలో మొదటిసారి పెంపుడు కుందేళ్లలో బయటపడింది. అమెరికాలో కూడా అదే ఏడాది మార్చి నుండి న్యూమెక్సికో దిక్కు అడవి కుందేళ్లు కుప్పలుగా చచ్చినయి. అవి మన గూటి జాతి కావు, వేరే జాతులు. నేను మొదట్లో చెప్పిన తేడాను దాటింది అన్నది ఇదే. పాత రకం ఐరోపా జాతినే పట్టేది. రెండో రకం మన చెవులపిల్లికి చుట్టాలయ్యే అడవి కుందేళ్లలో కూడా కొన్ని జాతులను పట్టుకుంది.

అందుకే ఇంకొక మాట. ఎవరింట్ల అయినా వేటకు పోయి అడవి కుందేలును తెచ్చే అలవాటు ఉంటే, ఆ చేతులతో, ఆ బట్టలతో పెంపుడు కుందేలు దగ్గరికి పోవద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఆ వేట నేరం కూడా. ఇంట్ల పెద్దవాళ్లకు ఈ మాట చెప్పుడు కష్టమే, నాకు తెలుసు. తమ్ముడు కుందేలును పెంచుతున్నడు, దానికి రోగమొస్తది అని చెప్తే కొంచెం వింటరు.

ఈ రోగం మనుషులకు రాదు. పిల్లికి, కుక్కకు, మేకకు, కోడికి రాదు. కాబట్టి భయపడి కుందేళ్లను గుట్టల్లో వదిలేయడం లాంటి పని ఎవరూ చేయవద్దు. గూట్లో పుట్టిన కుందేలు అక్కడ ఒక రాత్రి కూడా బతకదు.

కాపలా అంటే ఏమిటి?

కాపలా అంటే కట్టె పట్టుకొని నిలబడుడు కాదు. లెక్క పెట్టుడు, చెప్పుడు. ఈ రెండే.

లోకం మొత్తానికి జంతువుల రోగాల లెక్క పెట్టే సంస్థ పారిస్ నగరంలో ఉంది. 1924 జనవరిలో 28 దేశాలు కలిసి పెట్టుకున్నాయి. అది పుట్టడానికి మన దేశపు పశువులు కారణమంటే నమ్ముతారా? 1920లో ఇక్కడి నుండి బ్రెజిల్‌కు ఓడలో పోతున్న పశువులు దారిలో బెల్జియం రేవులో ఆగినయి. వాటితో రిండర్‌పెస్ట్ అనే పశువుల పెద్దరోగం బెల్జియం పశువులకు అంటింది. రోగం వచ్చిన దేశం పక్క దేశానికి వెంటనే చెప్పాలనే నియమం అప్పుడు పుట్టింది. ఆ రిండర్‌పెస్ట్‌ను 2011లో లోకంలోనే లేకుండా చేసినట్టు ప్రకటించారు. టీకా ఒక కారణం, దాచకుండా చెప్పుడు ఇంకో కారణం. ఆర్.హెచ్.డి. కూడా ఇప్పుడు ఆ సంస్థ జాబితాలో ఉంది.

మన దేశంలో 2009లో జంతువుల అంటురోగాల నివారణ చట్టం వచ్చింది. దాని చివర రోగాల పట్టిక ఉంటుంది. అందులో గాలికుంటు, గొర్లకొచ్చే పీపీఆర్, కోళ్ల కొక్కెర రోగం వంటి మనకు తెలిసిన పేర్లతో పాటు కుందేళ్లవి కూడా ఉన్నాయి, మిక్సోమటోసిస్, ఆర్.హెచ్.డి. ఆ పట్టికలోని రోగం వచ్చిందని అనుమానం ఉంటే, జంతువును పెంచేవాళ్లు గ్రామ అధికారికి గాని పంచాయతీకి గాని చెప్పాలె. వాళ్లు పశువుల డాక్టరుకు చెప్పాలె. రోగంతో చచ్చినదాన్ని వాగులో, చెరువులో, కాలువలో వేయవద్దని కూడా అదే చట్టంలో ఉంది. రోగం అవునా కాదా అని తేల్చేది ల్యాబు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు చచ్చినప్పుడు, బర్డ్ ఫ్లూ అని తేల్చింది భోపాల్‌లోని పెద్ద ల్యాబే. ఎవరో ఒక రైతు మొదలు చెప్తేనే నమూనా భోపాల్ దాకా పోతది.

ఆస్ట్రేలియాలో చచ్చిన కుందేలు కనబడితే మామూలు జనమే చిన్న సీసాలో కొంచెం కాలేయం ముక్క పెట్టి శాస్త్రవేత్తలకు పంపిస్తారు. ఆ సీసాలు ఉచితంగా ఇస్తారు. 2015లో రెండో రకం వైరస్ అక్కడ కనబడ్డాక, ఏడాదిన్నరలోనే అది పాత రకాన్ని పక్కకు నెట్టేసిందని ఇట్ల వచ్చిన నమూనాలతోనే తెలిసింది. మనం మాత్రం కోయవద్దు. ఏడో తరగతిలో ఒకతనికి ఇది చదవంగనే బ్లేడు గుర్తొస్తది, అందుకని ముందే రాస్తున్న.

ఈ రోగానికి మందు లేదు. ఐరోపాలో, ఆస్ట్రేలియాలో పెంపుడు కుందేళ్లకు టీకా వేయిస్తారు. అమెరికాలో 2021 అక్టోబర్‌లో ఒక టీకాకు అత్యవసర అనుమతి ఇచ్చారు. సార్ మన పశువుల దవాఖానలో అడిగి వచ్చిండ్రు. గొర్లకు, మేకలకు, బర్లకు ఉన్నట్టు కుందేళ్లకు అక్కడ టీకా లేదు. అంటే మనకు మిగిలింది నోటుపుస్తకం, బ్లీచింగ్ పౌడరు, రెండు చేతులు.

మన గూటి కట్టుబాట్లు

గూటి పక్కన మేకుకు పుస్తకం వేలాడదీసినం. పొద్దున, సాయంత్రం వంతు ఉన్నవాళ్లు కుందేళ్లను లెక్కబెట్టి రాయాలె. ఎన్ని ఉన్నాయి, మేత మిగిల్చినయా, పెంటికలు మామూలుగా ఉన్నాయా, ముక్కు తడిగా ఉందా, మూలకు ఒక్కటే కూర్చుందా. "అన్నీ బాగున్నవి" అని ఒక్క ముక్క రాసి పోవద్దు. తెల్లారి లేచి చూసేసరికి ఒకటి చచ్చి ఉంటే, నిన్న సాయంత్రం అది తిన్నదా లేదా అన్నదే డాక్టరు మొదలు అడుగుతడు. తెల్లారుజామున కుందేలు తన మెత్తటి పెంటికలను తానే తింటది. అది రోగం కాదు, వాటి జీర్ణక్రియ అట్లనే ఉంటది. దాన్ని "పిచ్చి లేచింది" అని పుస్తకంలో రాసినవాళ్లు ఎవరో నాకు తెలుసు, పేరు రాయను.

గరిక మన బడి కాంపౌండు లోపలి నుండే కోయాలె. కుక్కలు తిరిగే రోడ్డు పక్కన, బయటి పెంటకుప్పల దగ్గర కోయవద్దు. తడి గడ్డి వేస్తే కడుపు ఉబ్బి చస్తాయి, అందుకని నీడలో ఆరబెట్టి వేయాలె. గూటి దగ్గరికి పోయేటప్పుడు అక్కడ పెట్టిన రబ్బరు చెప్పులే తొడగాలె. ఆ చెప్పులు బయటికి రావద్దు, మన చెప్పులు లోపలికి పోవద్దు. ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక చేతులు సబ్బుతో రుద్ది బాగా నీళ్లు పోసి కడగాలె. సబ్బు చంపకున్నా నీళ్లతో పాటు కొట్టుకుపోతది.

ఈగల కోసం జాలి మీద దోమతెర గుడ్డ కుట్టినం. చిరిగితే నాకు చెప్పండి, వేలు పెట్టి ఇంకింత చింపకండి.

గూడు, గిన్నెలు వారానికోసారి కడగాలె. ముందు పెంటికలు, గడ్డి అంతా తీసి కడిగినాకనే మందు నీళ్లు. మురికి మీద పోస్తే బ్లీచింగ్ పౌడరు పనిచేయదు. లీటరు నీళ్లకు సుమారు 15 గ్రాములు, అంటే ఒక పెద్ద చెంచా నిండుగ. పోసి పది నిమిషాలకు తక్కువ కాకుండా ఉంచి, మంచినీళ్లతో కడిగి, ఎండబెట్టి, అప్పుడు కుందేళ్లను వదలాలె. ఈ పని పెద్ద తరగతుల వాళ్లే చేయాలె, మూతికి గుడ్డ కట్టుకొని. డబ్బా మూత గట్టిగ పెట్టకపోతే సత్తువ పోతది.

ఇక కొత్త కుందేలు సంగతి. అంగట్ల నుండి ఎవరైనా తెస్తే దాన్ని తిరిగి పంపించం. కాని 30 రోజులు వేరే పెట్టెలో, స్టోర్ రూము అవతల ఉంచుతం. రోగం మూడు నుంచి అయిదు దినాల్లోనే బయటపడతది కదా, నెల ఎందుకు అని అడుగుతారు. ఒక్కోసారి రోగం వచ్చి బతికి బయటపడ్డ కుందేలు కూడా నెలరోజుల దాకా, ఇంకా పైన కూడా, పెంటికల్లో వైరస్‌ను వదులుతుంది. చూడ్డానికి దుక్కలాగ ఉంటది. ఆ నెల రోజులు పాత వాటికి మేత వేసినాకనే కొత్తదానికి వేయాలె, కొత్తదాన్ని ముట్టి పాత వాటి దగ్గరికి పోవద్దు.

ఒకటి చచ్చిందంటే వైరసే అనుకోవద్దు. మన సిద్దిపేట ఎండాకాలం 40 డిగ్రీలు దాటితే కుందేలుకు వడదెబ్బ తగులుతది. కడుపులో కాక్సిడియా పురుగుతో పిల్లలు పారి చస్తాయి. జలుబు ముదిరి చస్తాయి. చెవి గజ్జి చంపదు గాని తిననీయదు. కాని రెండు మూడు రోజుల్లో రెండు చచ్చినా, చచ్చినదాని ముక్కు దగ్గర రక్తం ఉన్నా, ఏ జబ్బూ లేనిది ఒక్క రాత్రిలో పోయినా, అప్పుడు ఆగవద్దు. ఒట్టి చేతులతో ముట్టవద్దు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని, దాన్ని రెండు కవర్లల్ల మూట కట్టి, నీడలో ఈగ వాలకుండా పెట్టి సార్‌ను పిలవాలె. సార్ లేకుంటే వార్డెన్‌ను. పశువుల అంబులెన్సు నంబరు 1962, గూటి తలుపు మీద ఎర్ర పెయింటుతో రాసినం. డాక్టరు చూసినాక, లేదా నమూనా తీసుకున్నాక, కుక్కలు తవ్వలేనంత లోతు గుంత తీసి సున్నం వేసి పూడ్చాలె. కాలువలో వేసుడు, కాంపౌండు గోడ మీద నుంచి అవతల పారేసుడు ఉండొద్దు. అవతల పారేస్తే అది కుక్క నోట్లో తండా దాకా పోతది.

సెలవుల్లో వాచ్‌మెన్ తాత, వంటమ్మ రెండు పూటలా మేత వేస్తమన్నరు. వాళ్లకు రాయడం కష్టం కాబట్టి పుస్తకంలో ప్రతి పూటకు ఏడు గీతలు ముందే గీసి పెట్టినాను. కనిపించిన ఒక్కో కుందేలుకు ఒక్కో గీత మీద టిక్కు పెడితే చాలు. టిక్కు తక్కువైతే తాత నాకు ఫోన్ చేయిస్తడు. మా తండాలో సిగ్నలు గుట్ట ఎక్కితేనే దొరుకుతది కాబట్టి సాయంత్రం ఆరు గంటలకు నేను గుట్ట మీద ఉంటనని చెప్పిన. సెలవుల తర్వాత మొదటి వారం వంతు ఎనిమిదో తరగతి బి సెక్షన్‌ది. రబ్బరు చెప్పులు ఒకటి తెగింది, ఎవరన్న ఇంటి నుంచి పాతవి ఉంటే తీసుకురండి. బాగా కడిగి తెండి.